గొంగడి కింది బేరం

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే దుకాణంలో నాకు మహా ఇష్టం. అలాంటివాడు వస్తే పప్పు తూచేటప్పుడు ముల్లు వైపు చూడడు, కథ చెప్తూ నా మొహం వైపు చూస్తాడు. దయ్యాన్ని నమ్మినవాడు మన తరాజును నమ్మడా? నేను మాత్రం రెండింటినీ నమ్మకుండానే పెరిగాను. అలాంటి నేను ఇవాళ ఇది రాయడానికి కూర్చోవడం నాకే రోతగా ఉంది. జరిగింది జరిగినట్టు ముందు పెడతాను. కొనడం, కొనకపోవడం మీ ఇష్టం.

మాది తాండూరు. గంజిలో, అంటే మా ఊరి గింజల బజారులో, మాకు కందులు టోకుగా కొని అమ్మే ఆడ్తి దుకాణం, పక్కనే చిల్లర కిరాణా ఉండేవి. చుట్టుపక్కల ఊళ్ళనుంచే కాదు, సేడం వైపు కన్నడం మాట్లాడే పల్లెలనుంచి కూడా బండ్లు వచ్చేవి. నిజాం రాజ్యం పోయి కొన్నేళ్ళే అయింది. రాష్ట్రాలు ఇంకా విడిపోలేదు.

మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠం అక్షరాలు కాదు. నన్ను ఒక బస్తా ముందు నిలబెట్టి, మోచేతి దాకా చెయ్యి దోపమన్నాడు. పైన కందులు నిగనిగలాడుతున్నాయి. అడుగున మాత్రం వాన తగిలి మురిగిపోయాయి. అక్కడ వేడిగా, జిగటగా, పొట్టు ఊడి వేళ్ళకు అంటుకుంటూ, ఆ మెత్తని దాంట్లో ఏదో సన్నగా కదులుతూ ఉంది. నేను కెవ్వుమని చెయ్యి లాక్కుని ఆ సాయంత్రం అన్నం తినలేదు. నాయన నవ్వాడు. "కన్ను మోసపోతది, ముక్కు మోసపోతది. చెయ్యి యాది వెట్టుకుంటది," అన్నాడు.

రెండో పాఠం రుమాలు బేరం. ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తాను. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, కుడిచేతులు కలిపి, మీద రుమాలు కప్పేవాళ్ళు. నోటితో వానల గురించీ, పెళ్ళిళ్ళ గురించీ మాటలు నడుస్తుండేవి. ధర మాత్రం గుడ్డ కింద వేళ్ళతోనే నడిచేది. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఏ కణుపు నొక్కితే ఎంత అని లెక్కలుండేవి. చుట్టూ ఎంతమంది మూగినా ఒక్కడికీ ధర తెలిసేది కాదు. ఇద్దరికీ సమ్మతమైతే అరచేతి నడుమ బొటనవేలితో నొక్కాలి. అంటే బేరం తెగినట్టు. మా గంజిలో దానికొక కట్టుబాటు కూడా ఉండేది. తెగకముందే ఎవడు చెయ్యి గుంజుకుంటే వాడు ఓడినట్టు. అవతలివాడి ధరకు నోరు మూసుకుని ఒప్పుకోవాలి.

అందుకే చీము కారే చెయ్యైనా, ఉమ్మి తుడుచుకున్న చెయ్యైనా, మా వాళ్ళు వదిలేవాళ్ళు కాదు. పక్కనే మనిషి పడిపోతున్నా చెయ్యి లాగేవాళ్ళు కాదేమో. అలాంటి జాతి మాది.

ఇక నా చరిత్ర పిచ్చి సంగతి. అది కూడా దుకాణంలోనే పట్టింది. పొట్లాలు కట్టడానికి నాయన పాత పుస్తకాలు తూకానికి కొనేవాడు. వాటిలో ఒక చరిత్ర పుస్తకం నాకు చిక్కింది. నేను చదివేలోపే సగం కాగితాలు జీలకర్రకూ, ఇంగువకూ వెళ్ళిపోయాయి. అందుకే బహమనీ సుల్తానులు ఎలా పైకి వచ్చారో నాకు బాగా తెలుసు, ఎలా పోయారో చాలాకాలం తెలియలేదు. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం దేవతల నగరాన్ని వెక్కిరించేలా ఉండేదని చదివాను. తర్వాతి పేజీ ఎవరి ఇంట్లో పోపులో పడిందో! ఆ మాన్యఖేటమే మాకు రైల్లో దగ్గర్లో ఉన్న మల్ఖేడు అని తెలిసినప్పుడు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆ ఏడు కందుల కాలంనుంచి నన్ను గద్దె మీద కూర్చోబెట్టాలని నాయన నిశ్చయించాడు. ఆయనకు చూపు మందగిస్తోంది. దుకాణం ఇక నా చెయ్యి మీదే నడవాలి. కొత్తగా గద్దె ఎక్కినవాడి చేతిని గంజి ఒక్క కాలంలోనే తూచేస్తుంది. నచ్చితే బతుకంతా సేఠు. నచ్చకపోతే బండ్లు మన గుమ్మం దాటి పక్క దుకాణానికి పోతాయి. తర్వాత మిగిలేది ఇంకొకడి గద్దె కింద కూర్చుని తూకం వేయడమే. అలా మిగిలిపోయినవాళ్ళను గంజిలో నేను చూశాను.

గద్దె ఎక్కే ముందు ఒక్కసారి కోటలు చూసొస్తానని నాయనను అడిగాను.

"గా కూలిన గోడలల్ల ఏమున్నదిరా? గబ్బిలాల పెంట," అన్నాడు. కానీ పొమ్మన్నాడు.

ఆయన మాట అక్షరాలా నిజమని బీదరులోనే తేలిపోయింది. వికారాబాదులో మా మేనమామ ఇంట్లో దిగి, మర్నాడు బీదరు బండెక్కాను. బండ తొలిచి చేసిన ఆ కందకాలను చూసి ఒళ్ళు పులకరించింది నిజమే. అయితే లోపలికి పోయేసరికి ముక్కుకు రుమాలు కట్టుకోవలసి వచ్చింది. ముత్యపుచిప్పలు పొదిగిన గోడ మీద ఎవడో నిలువునా కిళ్ళీ ఉమ్మాడు. సుల్తాను స్నానం చేసిన తొట్టిలో నిన్నటివీ మొన్నటివీ మనుషుల పెంటలున్నాయి. వాటి మీద ఈగలు దర్బారు చేస్తున్నాయి. గుల్బర్గా కోటలో అంత పెద్ద ఫిరంగి గొట్టంలో ఎవడో చనిపోయిన కుక్కను తోశాడు. నేను దాని పొడవు జానలతో కొలుస్తూ పోయి, ఆ చివరకు వెళ్ళాక తెలుసుకున్నాను. మూడు పూటలు తిండి సహించలేదు.

రాజుల మీద నాకు కోపం రాలేదు. మన మీదే వచ్చింది. పోనీ నేనేమన్నా తక్కువ తిన్నానా? ప్రతి కోట దగ్గరా పశువుల కాపర్లు తవ్వి తెచ్చే పూసలూ, బాణం ములుకులూ సగానికి సగం తగ్గించి బేరమాడి సంచిలో వేసుకుంటూనే ఉన్నాను. శవం మీద దుప్పటి లాగినట్టు ఉందని అప్పుడప్పుడు అనిపించేది. అనిపించాక ఇంకొంచెం తగ్గించి అడిగేవాణ్ణి.

వాడి జంక్షనులో బండి మారి, మల్ఖేడు రోడ్డు స్టేషనులో దిగాను. అక్కడినుంచి ఎద్దుల బండి దొరికింది. కోటకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, చీకట్లో భయపడ్డానని ఎవరూ అనుకోకూడదు. ఎండ పెళపెళలాడుతోంది. కాగిణా నది ఒడ్డున ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

దేవతల నగరం అన్నాను కదా, అది ఇదీ: మా తాండూరు బండలాంటి పలకరాళ్ళు పేర్చిన గోడలు, సగం కూలిన బురుజులు, తుమ్మ కంప, మేకల పెంటికలు. పెద్ద గుమ్మం మాత్రం నిలబడి ఉంది. దాని నీడలో ఒక ముసలాయన గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. ముందు గోనె పరిచి పాతసామాను పెట్టుకున్నాడు. పూసలు, పగిలిన దీపం, ఒక ఇత్తడి కత్తి పిడి. పిడి చివర సింహం మొహం. దాని నోట్లో మట్టి ఇరుక్కుని ఉంది. చూడగానే అది నాకు కావాలనిపించింది. మొహం మాత్రం ఎప్పటిలాగే ఆవలిస్తున్నట్టు పెట్టాను.

"ఏన్ బేకు?" అన్నాడు. ఏం కావాలని. నా యాస విని తెలుగులోకి దిగాడు. "తాండూరు సేఠా? కూసో, కూసో. మీ కందులు మస్తుంటయట కదా. మా కోడలు వండితే మాత్రం రాళ్ళే."

దీపం ధర అడిగాను, పిడి కోసం. అది మా పద్ధతి. ఆయన నవ్వి, గొంగడి చెంగు మా ఇద్దరి మధ్యకు లాగి పరిచాడు. గంజి సంగతి తెలిసినవాడే అని సంతోషపడి, పిడిని కంటితో చూపించి, చెయ్యి కిందికి దోపాను.

చెయ్యి అందింది.

అందగానే నాకు మా నాయన బస్తా గుర్తొచ్చింది. కాదు, గుర్తు రావడం కాదు. నా చెయ్యి మళ్ళీ ఆ బస్తాలోనే ఉంది. వేడి. జిగట. పట్టుకున్న చోటల్లా పొట్టులాంటిది ఊడి నా వేళ్ళకు అంటుకుంటోంది. చర్మం లోపల గట్టిగా ఉండవలసింది గట్టిగా లేదు. అది నా చూపుడువేలు పట్టుకుని, కణుపు మీద మెల్లగా నొక్కింది. ధర చెప్పింది. గంజి లెక్కలోనే, తప్పు లేకుండా.

పాపం, ఏదో చర్మరోగం అనుకున్నాను. ముసలాయన మీద జాలి, నా మీద రోత, రెండూ ఒకేసారి కలిగాయి. చెయ్యి లాక్కోవాలి. ఎవడైనా లాక్కుంటాడు. కానీ లాక్కుంటే బేరం పోతుంది, ఆయన ధరకే తీసుకోవాలి. నేను పళ్ళు బిగించి, సగానికి తగ్గించి అడిగాను.

ముసలాయన కబుర్లు చెప్తూనే ఉన్నాడు. మోకాళ్ళ నొప్పి గురించి, చల్లలో నీళ్ళు పోసే కోడలి గురించి. కింద ఆ చెయ్యి కొంచెం దిగింది. నేను కొంచెం ఎక్కాను. ఏదో సన్నటిది నా మణికట్టు మీదుగా పాకినట్టయింది. వాంతి వస్తుందనుకున్నాను. మింగాను.

అప్పుడు ముసలాయన తలపాగా జారింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి, విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

రెండు చేతులూ. నా కళ్ళ ముందు. ఎండిన, నల్లటి, శుభ్రమైన రైతు చేతులు. ఒక్క పుండు లేదు.

గొంగడి కింద నా చెయ్యి పట్టు వదలలేదు. అది కూడా వదలలేదు.

ఇది చదివి మీరు నవ్వినా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఆ క్షణంలో కూడా నేను చెయ్యి లాక్కోలేదు. భయంతో బిగుసుకుపోయానని నాకు నేనే చెప్పుకున్నాను కానీ అది అబద్ధం. ధర ఇంకా దిగుతుందనిపించింది. ఇంకొక కణుపు తగ్గించి అడిగాను.

ముసలాయన తలపాగా చుట్టడం ముగించి, కదులుతున్న గొంగడి వైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఎవనితోటి చేస్తున్నవ్ సేఠూ బేరం? నేనింక చెయ్యే వెట్టలే."

అరచేతి నడుమ మెత్తగా, బురదలో కాలు దిగినట్టు, ఒక వేలు నొక్కింది. తెగింది.

అప్పుడు తీశాను. నా చెయ్యి శుభ్రంగా ఉంది. ఒక్క మరక లేదు, వాసన లేదు. ముసలాయన గొంగడి చెంగు కర్రతో ఎత్తి చూశాడు. కింద ఉత్త బండ. నేను తెగిన ధర ఇవ్వబోతే ఆయన వెనక్కి జరిగాడు.

"చేతికియ్యకు. గా రాతి మీద పెట్టు," అన్నాడు. తర్వాత మిగతా సామాను గోనెలో మూటకట్టుకుని లేచాడు. భుజం మీది గొంగడి తీసి అక్కడే పడేశాడు. "గిది గూడ నీదే. నాకొద్దు," అని కోట లోపలికి కాదు, ఊరివైపు వేగంగా వెళ్ళిపోయాడు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి నడిచినట్టు నడవలేదు.

పిడిని సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాను. అంత తక్కువకు వచ్చిందని దారిలో ఒకటి రెండుసార్లు సంతోషపడ్డాను కూడా. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం పుట్టేది అక్కడే.

కందుల కాలం మొదలైంది. నేను గద్దె ఎక్కాను. మొదటి బేరం సేడం వైపు వ్యాపారి బసప్పతో. మా నాయనతో ఏళ్ళ తరబడి చెయ్యి కలిపిన మనిషి, ఉడుంపట్టు అని పేరు. రుమాలు కప్పాం. నాకు తగిలింది మామూలు చెయ్యే, గరుకుగా, పొడిగా. నేను ధర చెప్పానో లేదో బసప్ప మొహం మారిపోయింది. చటుక్కున చెయ్యి లాక్కుని ధోవతికి తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, తుడుస్తూనే ఉన్నాడు.

"ఏన్రీ ఇదు, శెట్రే!" అన్నాడు. ఏమిటిది అని. లేచి బస్తాల వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు.

కట్టుబాటు ప్రకారం ఓడింది ఆయన. కందులు నా ధరకే వచ్చాయి. గంజి అంతా నోరు తెరిచింది. బసప్ప చెయ్యి గుంజుకోవడం ఎవరూ చూసి ఎరగరు. నాయన ఛాతీ ఉబ్బింది. "నా కొడుకు చెయ్యి!" అన్నాడు పదిమందిలో. ఆ మాట కోసం నేను పుట్టినప్పటినుంచి ఎదురుచూశాను. తరువాతివాడూ గుంజుకున్నాడు. ఆ తరువాతివాడూ. ఆ వారం అందరి మీదా నేనే గెలిచాను. కిందున్నదేమిటో నాకు అర్థమవుతూనే ఉంది. అయినా గెలిచాను.

మరుసటి వారం బండ్లు రాలేదు. వచ్చినవి మా గుమ్మం ముందు ఆగకుండా పోయాయి. నేను రోడ్డు మీదికి పోయి బండి కాడి పట్టుకుంటే, తెలిసిన రైతు మొహం తిప్పుకున్నాడు. "నీ చెయ్యి మంచిగ లేదు సేఠూ," అన్నాడు మెల్లగా. తిట్టు కాదు అది. పాచిపోయిన అన్నం పెట్టినవాళ్ళతో చెప్పినట్టు, మర్యాదగా చెప్పాడు.

పసుపు రాశాను. వేపాకు నీళ్ళతో, కుంకుడు రసంతో, కిరసనాయిలుతో కడిగాను. తోలు ఊడింది తప్ప ఫలం లేదు. మేనమామ వికారాబాదులో ఒక డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. ఆయన నా చెయ్యి అటూ ఇటూ తిప్పి, నొక్కి, "బంగారంలాంటి చెయ్యి," అన్నాడు. ఆయన నొక్కింది వెలుతురులో. గుడ్డ కింద పట్టుకుని చూడమని ఒక డాక్టరును ఏమని అడుగుతాం?

చివరకు పిడి తీసుకుని మల్ఖేడు వెళ్ళాను. గుమ్మం దగ్గర మేకలు కాసే ఆడమనిషి కనిపించింది. అలాంటి ముసలాయన ఈ ఊళ్ళో ఎవరూ లేరంది. గొంగడి మాత్రం పడేసిన చోటే పడి ఉంది. పల్లెలో గొంగడి దొరికితే ఎవరు వదులుతారు? దాన్ని ఎవరూ తీసుకోలేదు. నేను చూస్తుండగానే మేకలమంద గుమ్మంలోకి వచ్చింది. ఒక్క మేక కూడా దాన్ని తొక్కలేదు. నీళ్ళు రాయిని చుట్టుకుని పోయినట్టు చుట్టు తిరిగి పోయాయి. పిడిని దాని మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

మారిందేమీ లేదు. మర్నాడు బతిమాలి కూర్చోబెట్టిన ఒక వ్యాపారి కూడా అలాగే చెయ్యి లాక్కుని, నా మొహాన ఉమ్మినంత పని చేశాడు.

ఆ మధ్యాహ్నం నాయన దుకాణం తలుపులు ఓరగా వేశాడు. లోపల కందుల దుమ్ము, తలుపు సందులోంచి ఎండ. ఎదురుగా కూర్చుని చెప్పమన్నాడు. అంతా చెప్పాను, ఇంకొక కణుపు తగ్గించి అడిగిన సంగతితో సహా. తిడతాడనుకున్నాను. ఆ ముక్క దగ్గర మాత్రం ఒక్కసారి తల ఊపాడు.

"పిడి వాపసిచ్చి వచ్చిన, నాయినా."

"సరుకు వాపసిస్తరు. తెగిన బేరం ఎట్ల వాపసిస్తర్రా, పిచ్చోడా? నీకు అమ్మింది పిడి అనుకుంటున్నవా?" అన్నాడు. భుజం మీది రుమాలు తీసి దులిపాడు. "చెయ్యి వెట్టు."

వద్దన్నాను. నాయన మొహం బసప్ప మొహంలా మారిపోవడం నేను చూడలేను. ఆయన వినిపించుకోలేదు. నా చెయ్యి లాగి ఒళ్ళో పెట్టుకుని రుమాలు కప్పాడు.

నాయన చెయ్యి తగిలింది. బొటనవేలి కింద తరాజు గొలుసు పట్టి పట్టి కాచిన కాయ, నాకు పుట్టినప్పటినుంచి తెలిసిన కాయ. ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. ముక్కుపుటాలు ఒక్కసారి అదిరాయి. అంతే. ఆ తర్వాత ఆ మొహంలోకి గంజి మొహం వచ్చింది. ఈగ వాలినా తోలబుద్ధికానంత విసుగ్గా ఉండే మొహం.

"దీంట్ల ఇంకో చెయ్యున్నదిరా," అన్నాడు మామూలుగా, బస్తాలో పుచ్చు ఉందని చెప్పినట్టు.

తర్వాత నా చెయ్యి వదిలేశాడు.

ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. నా చెయ్యి రుమాలు కింద ఖాళీగా, ఎవరూ పట్టుకోకుండా పడి ఉంది. నాయన చెయ్యి నా చేతికి తగలడం లేదు. కానీ రుమాలు కదులుతూనే ఉంది. ఒకచోట లేచేది, ఇంకొకచోట కుంగేది. నాయన నా వైపు చూడకుండా, నాకు కొంచెం పక్కగా, అక్కడ ఎవరో కూర్చున్నట్టు చూస్తున్నాడు. బేరంలో మాట్లాడినట్టే మాట్లాడాడు కూడా. ఈసారి వానలు జరంత ముందే పోయినయని, పప్పు పలుకు సన్నగున్నదని. ఒకసారి నవ్వాడు. "గంతనా? మస్తు జెప్తున్నవ్," అన్నాడు. ఆ మాట నాతో కాదు.

చాలాసేపు నడిచింది. ఆయన చెంపల మీదుగా చెమట కారి గడ్డం కింద చుక్కలు పడ్డాయి. గొంతులో ఏదో పైకి వస్తే మింగడం నాకు వినపడింది. నేను ఏడుస్తున్నాను. "చెయ్యి తీయి నాయినా," అన్నాను.

"నువ్వు నోరు మూసుకో. నడిమిట్ల మాట్లాడొద్దు."

కొంతసేపటికి ఆయన భుజం ఒక్కసారి ముందుకు వంగింది, బలంగా నొక్కినట్టు.

"తెగింది," అన్నాడు.

రుమాలు తీశాడు. కింద మా ఇద్దరి చేతులే ఉన్నాయి. ఆయన లేచి, వెనక కొట్టంలోకి పోయి, బూడిదతో మోచేతి దాకా కడుక్కున్నాడు. ఎంతసేపటికీ నీళ్ళ చప్పుడు ఆగలేదు. తర్వాత నిమ్మళంగా వచ్చి రుమాలును పొయ్యిలో వేయమని నాకిచ్చాడు. కొత్త రుమాలు, పండక్కి కొన్నది. ఆయన చేతుల మీదుగా మంచి బట్ట పొయ్యిలోకి పోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

మర్నాడు బసప్పను తానే వెళ్ళి తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టాడు. బసప్ప దేవుడికి దండం పెట్టుకుని మరీ చెయ్యి దోపాడు. కాసేపు బిగుసుకుని ఉండి, తర్వాత ఊపిరి వదిలాడు. ఆ రోజు ఆయన నన్ను పీల్చి పిప్పి చేశాడు. అంత ఎక్కువ ధరకు నేనెప్పుడూ కొనలేదు, అంత సంతోషంగానూ కొనలేదు. బండ్లు మళ్ళీ ఆగాయి.

నాయన మాత్రం ఆ తర్వాత ఎవరితోనూ చెయ్యి కలపలేదు. ఆ పూటనుంచి కుడిచేత్తో అన్నం ముట్టలేదు. ఎడమచేత్తో తినేవాడు. మా ఇళ్ళల్లో అది ఎంత ఏవగింపో వేరే చెప్పక్కర్లేదు. అమ్మ మొదట పోట్లాడింది, తర్వాత ఏడ్చింది, తర్వాత ఎదుట కూర్చోవడం మానేసింది. పెళ్ళి పంక్తుల్లో మొహాలు తిప్పుకున్నారని ఆయన పెళ్ళిళ్ళకే పోవడం మానేశాడు. భోజనమంటే ప్రాణమిచ్చే మనిషి. కుడిచేతిని ఎప్పుడూ భుజం మీది గుడ్డ కింద దాచుకునే ఉండేవాడు. ఒక్కొక్కప్పుడు ఆ గుడ్డ కదలడం చూశాను. అడగలేదు.

ధర మాత్రం అడిగాను. ఎన్నోసార్లు అడిగాను. "ఎంతకు తెగింది నాయినా? ఏం ఇచ్చినవ్?"

ఎప్పుడూ ఒకటే జవాబు. "కొన్నోనికి ఎరుక, అమ్మినోనికి ఎరుక. గుడ్డ కింది మాట మూడోనికెందుకురా?"

ఇప్పుడు గంజిలో బహిరంగ వేలం వచ్చింది. ధరలు గొంతు చించుకుని అరుస్తారు. రుమాలు బేరం పోయింది. ఎవరూ బాధపడలేదు, నేను అసలే పడలేదు. కోటలు చూడటం మాత్రం మానలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని చూస్తాను, ఏమీ కొనను.

పోయిన ఏడు నాయన పోయాడు. మంచం పట్టకుండా, నిద్రలోనే. స్నానం చేయించేటప్పుడు ఆ కుడిచెయ్యి కడగడానికి అందరూ వెనుకాడారు. నేను కడిగాను. చేతి మీద తడి గుడ్డ కప్పి ఉంది. దాని కిందికి చెయ్యి పోనిచ్చి పట్టుకున్నాను. తరాజు కాయ అలాగే ఉంది. చల్లగా, గట్టిగా, మామూలు మనిషి చెయ్యి. ఏ వాసనా లేదు. పురోహితుడు తొందరపెడుతున్నా గుడ్డ కిందంతా తడిమాను. ఒక్కటే చెయ్యి ఉంది. మళ్ళీ తడిమాను. ఒక్కటే.

ఆ రెండోది ఎక్కడికి పోయిందో, పోతూ పోతూ ఆయన దగ్గర ఏం తీసుకుపోయిందో నాకు తెలియదు. ఇది రోగమో, భ్రమో, మరొకటో చెప్పగలిగినవాళ్ళెవరూ ఇంతవరకు తగల్లేదు. ఉప్పు పొట్లం కూడా బేరమాడకుండా కొనని మనిషిని నేను. నా ఈ కుడిచేతిని మాత్రం, ఎంతకు వచ్చిందో తెలియకుండానే వాడుకుంటున్నాను.